పాతాళంలో అత్త లేదు

ఆ ఏడు ఆషాఢం వచ్చేసరికి మా రాజాంలో ఎవరి నోట విన్నా రెండే మాటలు. వాన ఎప్పుడు పడుతుందన్నది ఒకటి. దిమిత్రమ్మకి కూతురు దొరుకుతుందా లేదా అన్నది రెండోది.

దిమిత్రమ్మ మా ఊరావిడ కాదు. గ్రీసు దేశపు పంటల దేవత. అసలు పేరు డిమీటర్. ఎక్కడో తీసిన సీరియల్‌ని తెలుగులోకి డబ్బింగ్ చేసి, ఒక ఛానల్ వాళ్ళు రోజూ సాయంత్రం ఏడింటికి వేసేవారు. మొదట్లో ఎవరూ దాన్ని లెక్కచెయ్యలేదు. దుప్పట్లు చుట్టుకున్న తెల్లవాళ్ళు గ్రాంథికం మాట్లాడుతుంటే నవ్వు రాక ఇంకేమొస్తుంది? తర్వాత ఒకరోజు ఆ దేవత కూతురు పూలు కోసుకుంటుంటే నేల చీలింది. నల్లగుర్రాల రథమెక్కి పాతాళం రాజు పైకొచ్చి పిల్లని ఎత్తుకుపోయాడు. తల్లి జుట్టు విరబోసుకుని చేలగట్ల వెంట కేకలేస్తూ పరిగెత్తింది. అంతే, మర్నాటి నుంచి ఏడయ్యేసరికి మా ఊళ్ళో వీధులన్నీ ఖాళీ.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు అనూరాధ. మా నాన్న భీమశంకరరావుది ధాన్యం వ్యాపారం. ఆ ఏడే మాఘమాసంలో, నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే థామస్‌ని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నాను. మా వాళ్ళది గుడి, వాళ్ళది బాప్టిస్టు చర్చి. నన్నెవరూ ఎత్తుకుపోలేదు. చెప్పులేసుకుని, చున్నీ సర్దుకుని, నా కాళ్ళతో నేనే నడిచి వెళ్ళాను. ఆ మాట మా అమ్మ కమలాదేవికి ఎంత చెప్పినా ఎక్కలేదు.

"ఆళ్ళింట కంచం ముందు కూకున్నాక ఇంక నువ్వు ఆ ఇంటి పిల్లవే. ఈ గుమ్మం తొక్కక్కర్లేదు" అని తలుపేసుకుంది. మా అమ్మ మాటంటే మాటే. పులుసులో ఉప్పెక్కువైందని ఒప్పుకోవడానికే ఆవిడకి ఒక పూట పడుతుంది, అలాంటిది ఇంత పెద్ద మాట ఎలా వెనక్కి తీసుకుంటుంది?

రెండిళ్ళకీ మధ్య ఒక బస్టాండూ ఒక కూరల బజారూ, అంతే దూరం. అయినా నాకు మా ఇంటి కబురు తెలియాలంటే పెరుగమ్మే దుర్గే దిక్కు. రెండిళ్ళకీ పెరుగు పోసేది ఆవిడే. కబుర్లూ ఆవిడే పోసేది.

"మీ నాన్న కొట్టు దగ్గర ఇయ్యాల పెద్ద తగువైపోయింది" అని ఒకరోజు గిన్నె దించుతూనే మొదలెట్టింది. "పాతాళం రాజంటే యముడే కదాని ఒకాయన అన్నాడు. యముడంటే దర్మరాజు, పిల్లల్నెత్తుకుపోయే ఎదవ పన్లు సెయ్యడు, ఈడెవడో వేరేవోడని మీ నాన్న కస్సుమన్నారు. ఇంకొకాయనేమో, కూతుర్నిచ్చీదాకా పంటలు పండనివ్వనని ఆ తల్లి దర్నాకి కూకున్నాది, అందుకే మనకీ సినుకు లేదంటాడు."

"ధర్నా అక్కడ చేస్తే వాన ఇక్కడెందుకు ఆగుతుంది?"

"నాకేటి తెలుసమ్మా? ఊరంతా అదే అనుకుంటన్నాది. ఆ పిల్లని ఆ తల్లికిచ్చెయ్యండ్రా బాబూ, మా మళ్ళు తడుస్తాయని."

అమ్మ ఏమంటోందని అడగడానికి నాకు నోరు రాదు. అడక్కుండానే దుర్గ చెప్పేసింది. "మీయమ్మ ఏటీ అనదు. కన్నార్పకుండా సూస్తాది. నిన్న మాత్రం ఆ రాజుని సూసి, అచ్చం ఆ తామస్సే, అదే గెడ్డం, అదే సూపు, అన్నాది."

ఈ మాట థామస్ చెవినపడింది. మర్నాడు పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని కాఫీకి వచ్చాడు. మా అత్తమ్మ లీలారాణి కొడుకుని ఎగాదిగా చూసి "ఏరా, ఏటయింది నీ మొహానికి?" అంది. "ఎండలమ్మా" అన్నాడు. నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను.

అత్తమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వార్డు పోయినా వార్డు గొంతు పోలేదు. మామయ్య కృపానిధి కొత్తవలసలో రైల్వే ఉద్యోగం చేసి వచ్చిన నెమ్మదైన మనిషి. సీరియల్ మొదలైన కొత్తలో "అన్యదేవతల కథలు మనింట్లో ఎందుకు లీలా?" అన్నారు. అత్తమ్మ కూడా సరేనని ఛానల్ మార్చబోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ తల్లి కూతుర్ని పిలిచింది. అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. "నాకు దేవత అగుపడ్డంలేదండీ, తల్లి అగుపడతంది" అని కూర్చుండిపోయింది. మామయ్య బైబిల్ పుచ్చుకుని లోపలి గదిలోకి వెళ్ళేవారు, తలుపు మాత్రం తెరిచే ఉంచుకునేవారు.

అత్తమ్మ టీవీ చూడదు, టీవీతో మాట్లాడుతుంది. "ఒసే పిల్లా, పూలు సాలు, ఇంటికెల్లిపో" అని హెచ్చరిస్తుంది. "ఇంతమంది దేవుళ్ళుండి ఒక్కడైనా ఆ తల్లికి నిజం సెప్పడేటి?" అని దులిపేస్తుంది. దూరాన ఎవరో రాసుకున్న కథకి ఇలాంటి అత్తగారొకావిడ రాజాంలో జవాబు చెబుతోందని రాసినవాళ్ళకి తెలిస్తే ఎంత మురిసిపోయేవారో!

ఇదంతా సరదాగానే గడిచేది, నా లోపల గుబులు లేకపోతే. ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింట ఉండాలి. ఆ నెల అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదని మా వాళ్ళ పట్టింపు. తీసుకెళ్ళడానికి పుట్టింటివాళ్ళే రావాలి. ఎదురింటి కోడలు రేఖకి కూడా పెళ్ళి ఆ ఏడే అయింది. వాళ్ళ అన్నయ్య ఆటో వేసుకుని వచ్చాడు. రేఖ నాకు చెయ్యూపి ఎక్కింది. నేను కిటికీ దగ్గర కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను. ఆవేళ ఎవరికి ఎన్ని మార్కులు వేశానో ఆ భగవంతుడికే తెలియాలి.

మా ఇంటి నుంచి ఎవరూ రాలేదు. వస్తారని నేనూ అనుకోలేదు, అయినా గేటు చప్పుడైతే చాలు, తల దానంతటదే తిరిగేది.

దానిమ్మగింజల భాగం ఒక శుక్రవారం వచ్చింది. ఆకలికి తాళలేక ఆ పిల్ల పాతాళంలో నాలుగు దానిమ్మగింజలు నోట్లో వేసుకుంది. దేవుళ్ళ రాజు పిల్లని పంపెయ్యమని కబురు పంపాడు గానీ, అక్కడి తిండి తిన్నవాళ్ళు అక్కడివాళ్ళేనని ఆ లోకంలో కట్టుబాటు. గింజలు కొరికిన పెదాలు ఎర్రగా చూపించి, ఆ రోజుకి ఆపేశారు.

మేం టీవీ ముందే కంచాలు పెట్టుకుని తింటున్నాం. అత్తమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"తిన్నాది, బాగానే సేసింది. పిల్లని పస్తుంచుతారేటి? తిన్నాదని కట్టిపడేసే ఇల్లు ఏం ఇల్లది?" అని, కాసేపాగి, "అయినా ఆ పాతాళంలో అత్త లేదేటి?" అంది.

"అత్తా?" అన్నాడు థామస్.

"ఆ గెడ్డపోడికి తల్లి లేదేటని అడుగుతన్నాను. మొదట్నుంచీ సూస్తన్నాను, ఆ ఇంట్లో పెద్ద ఆడది ఒక్కర్తీ అగుపడదు. అత్తంటూ ఉంటే, ఆ పిల్ల మొహం సూసి మొదటి వారమే పుట్టింటికి పంపీసును. మగోడు సింహాసనం ఎక్కి కూకుంటాడు గానీ, పక్కన కూకున్నది తిన్నాదో లేదో సూస్తాడేటి?"

థామస్ ఫ్యాను వైపు చూశాడు. అత్తమ్మ నా కంచం వైపు చూసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"అనూ, ఆ రేఖ బేగు పట్టుకుని ఎక్కడికెల్లింది?"

చెప్పాను. ఆషాఢమనీ, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదనీ, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తారనీ.

"అయితే మనిద్దరం ఇన్నాళ్ళూ దాటేస్తన్నామా!" అని నవ్వి, నవ్వు ఆపేసి, "మరి మీ వాళ్ళు రాలేదేటి?" అంది.

"రారు అత్తమ్మా."

గొంతు సరిగ్గానే పలికిందనుకున్నాను. పలకలేదని అత్తమ్మ మొహం చూస్తే తెలిసింది. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"రాకపోతే మానె. ఆ ఇంట్లో అత్త లేదు, ఈ ఇంట్లో ఉన్నాది. బట్టలు సర్దుకో."

లోపలి గదిలోంచి మామయ్య "పిలవని పేరంటానికా లీలా?" అన్నారు.

"తల్లి దగ్గిర పిల్లని దిగబెట్టడానికి పిలుపేటండీ?" అంది అత్తమ్మ.

వద్దన్నాను. బతిమాలాను. నా ఒక్కదాని మొహం మీద తలుపేస్తే దులుపుకుని రాగలను. అత్తమ్మ మొహం మీద వేస్తే ఇక ఈ జన్మకి ఆ రెండిళ్ళూ కలవవు. నేను థామస్ వైపే ఉండాలి, అమ్మ అటే ఉండిపోతుంది. నాకున్న ఆ కాస్త ఆశా ఆటో వేసుకుని వెళ్ళి పోగొట్టుకుని రావడమా అని నా భయం. అత్తమ్మ వింటేగా! ఆస్పత్రిలో సూదికి భయపడే పిల్లల్ని ఎలా చూసేదో నన్నూ అలాగే చూసింది.

వాన మాత్రం సీరియల్ కోసం ఆగలేదు. అక్కడ దిమిత్రమ్మ ఇంకా ఏడుస్తుండగానే, ఆదివారం మధ్యాహ్నం మా ఊరి మీద కుండపోతగా కురిసింది. తల్లీకూతుళ్ళు కలిశాక పడితే ఇంకా బాగుండేదని దుర్గ కాస్త చిన్నబుచ్చుకుంది.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టించి, బురదలో ఆటో ఎక్కించింది అత్తమ్మ. బజారులో పళ్ళ బండి దగ్గర ఆపించింది. బండివాడు ఎర్రటి దానిమ్మలు చూపించాడు.

"అవొద్దు!" అని అత్తమ్మ ఒక్క అరుపు అరిచింది. "బత్తాయిలియ్యి. ఆపిళ్ళియ్యి. అవి మాత్రం కంటికగుపడనీకు."

"ఈ వారం అందరూ ఇదే మాటమ్మా" అన్నాడు వాడు దిగులుగా. "ఆ సీరియలోడు నా పొట్ట కొట్టీసేడు."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మా ఇంటి ముందు ఆటో ఆగేసరికి అమ్మ అరుగు పక్కన తులసికోట దగ్గర వాన చేర్చిన బురద కడుగుతోంది. చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నన్ను చూసింది, అత్తమ్మని చూసింది. అత్తమ్మ పళ్ళ సంచీ పుచ్చుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడే ఆగింది.

"వదినగారూ, నేను తామస్ తల్లిని. ఆసాడం కదా, అమ్మాయిని తెచ్చాను."

అమ్మ చెంబు కిందపెట్టలేదు. "మీకు ఆసాడమేటి?" అంది.

"మాకు లేదండీ. మీ అమ్మాయికి ఉన్నాది కదా."

ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అమ్మ ఏ మాటంటుందో, ఆ మాటకి అత్తమ్మ ఎలా తిరిగి ఆటో ఎక్కుతుందో కళ్ళకి కట్టినట్టు ఊహించేసుకున్నాను కూడా.

అమ్మ చెంబు దించి కొంగుతో చేతులు తుడుచుకుంది. "గేటు దగ్గిర నిలబడిపోయారేటి, లోపలికి రాండి" అంది.

"రాకూడదంట కదండీ. అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని అనూ సెప్పింది. నేనిట్నుంచి ఇటే ఎల్లిపోతాను. పిల్లని లోపలికి పిలవండి, సాలు."

పుట్టి బుద్ధెరిగి ఏనాడూ ఆషాఢం ఎరగని మనిషి, మా అమ్మ నమ్మకం కోసం మా అమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. అమ్మ ఆవిడ వంక చాలాసేపు చూసింది. తర్వాత నాతో మాట్లాడింది, మాఘమాసం తర్వాత మొదటిసారి.

"ఏటలా దిష్టిబొమ్మలాగ నిలబడ్డావు? బేగు లోపలెట్టి, అత్తగారికి కుర్చీ తే. గడపకి పట్టింపు గానీ అరుక్కి లేదు."

నేను బ్యాగు పుచ్చుకుని గుమ్మం దాటాను. వంటింట్లో ఇంగువ వాసన తగలగానే ఏడుపు తన్నుకొచ్చింది. కుర్చీ వెతుకుతున్న వంకతో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని బయటికి వచ్చాను. అప్పటికే ఇద్దరూ అరుగు మీదే కూర్చున్నారు. మాట్లాడుకుంటున్నది నా పెళ్ళి సంగతి కాదు, గుడి సంగతి కాదు, చర్చి సంగతి కాదు.

"ఆ నాలుగు గింజలు తిన్నాదని ఆ రోజు టీవీ కట్టేసానండీ" అంటోంది అమ్మ. "సూళ్ళేకపోయాను."

"నాకూ ఒళ్ళు మండిపోయింది వదినగారూ. పిల్లన్నాక ఆకలెయ్యదేటి?"

"ఆకలేస్తాది. తింటాది. ఎక్కడ తింటే ఏటి, తల్లికి కూతురు కాకుండా పోతాదా?"

అమ్మ ఆ మాట అత్తమ్మతోనే అంది. నా వైపు చూడనేలేదు. నేను కుర్చీ పుచ్చుకుని అలాగే నిలబడ్డాను, ఎవరికీ ఆ కుర్చీ అక్కర్లేకపోయింది. అత్తమ్మ కాఫీ తాగి, ఆటో ఎక్కుతూ, "రాత్రి అన్నం సగంలో వదిలేస్తంది, కాస్త సూడండి" అని నా మీద చాడీ చెప్పి మరీ వెళ్ళింది.

దేవుడు నాకు ఇద్దరు తల్లులనిచ్చాడని పెళ్ళిళ్ళలో అనే మాట ఉందే, అది విన్నప్పుడల్లా నేను మూతి తిప్పుకునేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను. ఆ దుప్పట్లు చుట్టుకున్న దేవుళ్ళకీ, వాళ్ళకి గొంతులరువిచ్చిన మన డబ్బింగ్ వాళ్ళకీ కూడా ఇవాళ్టికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ కథ లేకపోతే ఆ అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళకీ మాట్లాడుకోవడానికి మాటే దొరికేది కాదు.

మిగిలిన ఆషాఢమంతా పుట్టింట్లోంచే కాలేజీకి వెళ్ళాను. అమ్మ నాతో నెమ్మదిగా, పొడిపొడిగా మాట్లాడేది. ఏడింటికి మాత్రం కంచం తెచ్చి టీవీ ముందు పెట్టి, నేను తిన్నంతసేపూ పక్కనే కూర్చునేది. ఒకరోజు, ఏదో గుర్తొచ్చినట్టు, "అతను గెడ్డం తీసీసేడంట కదా?" అంది.

"నీ వల్లే."

"ఉంటేనే బాగున్నాది" అని పప్పు వడ్డించింది. ఆ సంగతి రాత్రి ఫోన్లో చెబితే థామస్ రెండుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాటి నుంచీ గీసుకోవడం మానేశాడు.

ఆఖరి భాగం ఆషాఢం చివర్లో వచ్చింది. నాన్న కొట్టు కట్టేసి పెందలాడే వచ్చారు. తీర్పు ఏమిటంటే, ఏడాదిలో కొన్నాళ్ళు కూతురు తల్లి దగ్గర, కొన్నాళ్ళు పాతాళంలో. తల్లి దగ్గరున్నన్నాళ్ళూ భూమ్మీద పచ్చదనం. గడువు అయిపోయింది, పిల్ల మళ్ళీ బయల్దేరింది. నేల చీలిన చోటు దాకా దిమిత్రమ్మ వెంట వచ్చింది. పిల్ల లోపలికి దిగిపోతుంటే అక్కడే కూలబడి ఏడ్చింది. కథ కంచికి వెళ్ళిపోయింది. నాన్న "అయ్యో" అన్నారు.

"అయ్యో ఏటండీ? ఆవిడకంత ఏడుపెందుకు? పిల్లేటి పోయిందా, ఎల్లొస్తాది" అంది అమ్మ. అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

టీవీ కట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఫోను కలుపు, మీ అత్తకి" అంది.

స్పీకర్ పెట్టి ఇచ్చాను. అవతల అత్తమ్మ గొంతు కూడా జలుబు చేసినట్టే ఉంది. ఆవిడా ఇప్పటిదాకా టీవీ ముందే ఉందన్నమాట.

"వదినగారూ, సూసారా?" అంది అమ్మ.

"సూసానండీ. ఏటీ బాగోలేదు. అయిపోయింది కదాని బాధ."

"శ్రావణం వస్తంది. పిల్లని పంపాలి."

"దానికేటి వదినగారూ, మీరు ఎప్పుడంటే అప్పుడు నేనొచ్చి తెచ్చుకుంటాను. ఆటో మాటాడీస్తాను."

"మీరు రావద్దు" అంది అమ్మ.

నేను ఫోను లాక్కోబోయాను. అమ్మ గొంతు సవరించుకుంది. పులుసులో ఉప్పెక్కువైందని ఒప్పుకునేటప్పుడు కూడా ఇలాగే సవరించుకుంటుంది.

"ఒకసారి మీరు తెచ్చారు, సాలు. తల్లి బతికుండగా అత్త వచ్చి తీసుకెల్లడమేటి? నేనే తెచ్చి దిగబెడతాను. మా ఆయనా వస్తారు. మీ ఇంట బోజనం సేసే వస్తాం."

నాన్నకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. లేచి, బీరువా తలుపు తీసి, పట్టుపంచె వెతుక్కోవడం మొదలుపెట్టారు.